నిద్రలో నిలిచిపోవు ఊపిరి

(సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మానవుని ఆయుర్దాయములో ఇంచుమించు మూడవవంతు నిద్రకే చెల్లిపోవును. అఱువదియేండ్లు జీవించినవాడు ఇరువదియేండ్లు నిద్రించినవాడే యగును. జీతము, పదోన్నతి, పిల్లల చదువు, పింఛను వీనిని గూర్చి నిత్యము లెక్కలు వేసికొను ఉద్యోగి యీ ఇరువదియేండ్ల లెక్కను మాత్రము ఎన్నడును చూచుకొనడు. కన్ను మూసినది మొదలు కన్ను తెఱచునంతవఱకు తన దేహమున ఏమి జరిగినదో అతనికి తెలియదు; తెలిసికొనవలెనన్న కోరికయు పుట్టదు. "ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు" అని పెద్దలు చెప్పిరి. నిద్ర సుఖమునే కాదు, కష్టమును గూడ ఎఱుగదు. అట్లు ఎఱుగకయే అనుభవించు ఒక కష్టమును గూర్చినదే యీ ప్రసంగము. దానిని స్లీప్ ఆప్నియా యందురు. ఆప్నియా యనగా గ్రీకుభాషలో ఊపిరి లేమి. నిద్రలో ఊపిరి ఆగిపోవుట, తిరిగి వచ్చుట, మరల ఆగిపోవుట, ఇదియే యీ వ్యాధి స్వరూపము.

మన యిండ్లలో గుఱక పరిహాసమునకు పాత్రము. గుఱక పెట్టువానిని కుంభకర్ణుడని పిలిచి నవ్వుకొందుము. "గుఱక పెట్టి నిద్రపోయినాడు" అన్నచో హాయిగా నిద్రించెనని అర్థము చేసికొందుము. ఢిల్లీ నుండి హైదరాబాదు పోవు తెలంగాణా ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తునుండి వచ్చు గుఱకకు తోటి ప్రయాణికులు విసుగుకొందురు గాని, ఆ ధ్వని నడుమ నడుమ హఠాత్తుగ ఆగిపోవుటను ఎవరును పట్టించుకొనరు. ఆగినంతసేపు తమకు నిద్ర పట్టునని సంతసింతురు. వాస్తవమునకు భయపడవలసినది ఆ నిశ్శబ్దమునకే.

కారణము స్పష్టము. ముక్కునుండి ఊపిరితిత్తులకు పోవు మార్గములో, కొండనాలుక వెనుకనుండి నాలుక మొదటివఱకు గల గొంతుభాగమునకు ఎముకల ఆధారము లేదు. మెలకువలో కండరములు దానిని తెఱచియుంచును. నిద్రలో కండరములన్నియు సడలును. వానితోబాటు ఇవియు సడలును. మార్గము కొంత యిఱుకైనచో దాని గోడలు అదరి గుఱక పుట్టును. పూర్తిగా మూసికొనిపోయినచో గాలి ఆగును. రొమ్ము ఎగసిపడుచునే యుండును, లోపలికి గాలి మాత్రము పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును, బొగ్గుపులుసు వాయువు పెరుగును. మెదడు ప్రమాదమును గ్రహించి నిద్రితుని ఒక్క క్షణము మేల్కొలుపును. అతడు పెద్ద శబ్దముతో గాలి పీల్చి, ప్రక్కకు ఒత్తిగిలి, మరల నిద్రపోవును. ఇది తెల్లవారిన పిదప అతనికి గుర్తుండదు.

పది సెకనులు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగినచో వైద్యులు దానిని ఒక మారుగా లెక్కింతురు; ఊపిరి మిక్కిలి సన్నగిల్లిన సందర్భములను గూడ చేర్తురు. గంటకు ఇట్టివి అయిదునకు లోపైనచో భయము లేదు. 5 మొదలు 15 వఱకు స్వల్పము, 15 మొదలు 30 వఱకు మధ్యమము, 30కి మించినచో తీవ్రము. గంటకు ముప్పదిమార్లనగా రెండు నిమిషముల కొకమారు. ఎనిమిది గంటలు పడుకొని లేచినవాడు ఆ రాత్రి రెండువందల నలుబదిమార్లు గొంతు నొక్కబడి లేచినవాడన్నమాట. అట్టివాడు ఉదయము "ఎంత నిద్రపోయినను బడలిక తీరలేదు" అని అనుటలో వింత యేమున్నది?

ఊర్మిళాదేవి నిద్రను గూర్చిన పాట తెలుగుయిండ్ల స్త్రీలకు చిరపరిచితము. లక్ష్మణుడు వనవాసమున పదునాలుగేండ్లు కన్ను మూయకుండుటకై అతని నిద్రను గూడ ఊర్మిళయే నిద్రించినదని ఆ కథ. ఈ వ్యాధి ప్రవేశించిన యింట కథ తారుమారగును. భర్త నిద్రించును, భార్య మేలుకొని కావలి కాయును. గుఱక ఆగినంతనే ఆమె గుండెయు ఆగినట్లగును. మరల ఊపిరి వచ్చువఱకు ఆమె చీకటిలో కన్నులు తెఱచి లెక్కపెట్టుచుండును. రోగికి తెలియని రోగమునకు ఆమెయే సాక్షి. అందుచేతనే అనుభవజ్ఞుడైన వైద్యుడు రోగిని ప్రశ్నించుటకు ముందు అతని భార్యను ప్రశ్నించును. వేఱుగదిలో పడుకొను అలవాటు గల యింట, ఉద్యోగరీత్యా ఒంటరిగ కాపురముండు వాని విషయమున ఆ సాక్షియు లేదు. అట్టివానికి వ్యాధి ఏండ్ల తరబడి బయటపడక పోవుట కద్దు.

స్త్రీలకు ఈ వ్యాధి రాదనుకొనుట పొరపాటు. ముట్లుడిగిన పిదప వారికిని అవకాశము పెరుగును. ఐతే వారిలో గుఱకకన్న అలసట, నిద్రపట్టకుండుట, ఉదయపు తలనొప్పి హెచ్చుగ కనబడును. ఇంటిచాకిరి వలన వచ్చిన అలసటయని అందఱును సరిపెట్టుకొందురు. తుదకు ఆమెయు అట్లే సరిపెట్టుకొనును.

ఇట్టి వ్యాధికి లోనైన ఒక సెక్షను అధికారిని ఊహింపుడు. వయస్సు నలుబదియైదు. నిజాయితీపరుడు, ఫైలు నోటు వ్రాయుటలో పేరుపొందినవాడు. రెండేండ్లనుండి మధ్యాహ్న సమావేశములలో కునుకుచున్నాడు. వ్రాసిన వాక్యమునే తిరిగి వ్రాయుచున్నాడు. చిన్నమాటకు సిబ్బందిపై చిరాకుపడుచున్నాడు. పైయధికారి వార్షిక నివేదికలో "శ్రద్ధ తగ్గినది" అని వ్రాయును. సహోద్యోగులు "మనవాడు మునుపటివలె లేడు" అందురు. అతడు సోమరియని అందఱును నిర్ణయింతురు. కొంతకాలమునకు తన్ను తానే అట్లు నిర్ణయించుకొనును. ఈ నష్టము ఏ రక్తపరీక్షలోను కనబడదు. ఊపిరి లోపమును గుణలోపముగ ఎంచుట వలన చెడిపోవునది ఒక్క ఉద్యోగము కాదు, ఒక మనుష్యుని ఆత్మగౌరవము. అదే మనుష్యుడు సాయంకాలము కారు నడుపుచు ఎఱ్ఱదీపమువద్ద కన్ను మూసినచో నష్టము ఇతరులకును కలుగును.

పగటినిద్రను కొలుచుటకు ఒక సులభమైన సాధనము కలదు. ఆస్ట్రేలియా దేశమునందలి మెల్బోర్నులో మఱ్ఱే జాన్స్ అను వైద్యుడు 1991లో ఎప్‌వర్త్ నిద్రామానమును ప్రకటించెను. అందు ఎనిమిది సందర్భములు కలవు: కూర్చుండి చదువునపుడు, టెలివిజను చూచునపుడు, సభలో ఊరక కూర్చున్నపుడు, వాహనములో గంటసేపు ప్రయాణించునపుడు, మధ్యాహ్నము నడుము వాల్చినపుడు, ఒకరితో మాటలాడుచున్నపుడు, భోజనానంతరము నిశ్శబ్దముగ కూర్చున్నపుడు, వీధిలో రద్దీవలన కారు ఆగినపుడు. ఒక్కొక్కదానిలో కునుకు పట్టు అవకాశమునకు సున్న మొదలు మూడు వఱకు మార్కులు వేసికొనవలెను. మొత్తము 24లో పదికి మించినచో వైద్యుని చూడవలసియుండును. ఈ సభలో కూర్చున్నవారు ఇంటికి పోయి ఈ లెక్క వేసికొనవచ్చును. మూడవ సందర్భమునకు ఇప్పుడే వేసికొన్నను తప్పులేదు.

ఇక తలనొప్పి మాట. ఈ వ్యాధివలన వచ్చు తలనొప్పికి తనదైన గుర్తులు కలవు. అది నిద్రలేచునప్పటికే సిద్ధముగ నుండును. తలకు ఇరుప్రక్కల నొక్కినట్లుండును. పార్శ్వపునొప్పివలె ఒకవైపున పోటు పెట్టదు. వాంతి, వెలుతురు సహింపకుండుట సాధారణముగ ఉండవు. నాలుగు గంటలలోపల దానియంతట అదియే తగ్గిపోవును. నెలలో పదునైదు దినములకు తక్కువ కాకుండ వచ్చుచుండును. రాత్రి ప్రాణవాయువు తగ్గుట, బొగ్గుపులుసు వాయువు పెరిగి మెదడులోని రక్తనాళములు వెడల్పగుట, నిద్ర ముక్కలగుట దీనికి కారణములని తలచుచున్నారు. కార్యాలయమునకు చేరి, టీ త్రాగి, మొదటి ఫైలు తెఱచునప్పటికి నొప్పి పోవును గనుక రోగి ఆ మేలు టీకి ఆపాదించును. కొందఱు ప్రతి ఉదయము ఒక మాత్ర మ్రింగుదురు. నెలకు పదునైదు దినములకు తగ్గకుండ, మూడు నెలలకు మించి, సాధారణపు నొప్పిమాత్రలు వాడినచో ఆ మాత్రలే క్రొత్త తలనొప్పిని తెచ్చిపెట్టును. మూలము గొంతులో నుండగా మందు తలకు వేయుట యిట్లుండును. ఐతే అకస్మాత్తుగ ఎన్నడును ఎఱుగనంత తీవ్రముగ వచ్చిన నొప్పి, మాట తడబాటుతోగాని కాలుసేతుల బలహీనతతోగాని కూడిన నొప్పి వేఱు. అట్టిది వచ్చినచో క్షణము ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఈ వ్యాధి చరిత్రయు ఆసక్తికరమైనది. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836-37 సంవత్సరములలో ప్రకటించిన పిక్‌విక్ పేపర్స్ నవలలో జో అను స్థూలకాయుడైన కుఱ్ఱవాడు కలడు. ఎక్కడ నిలిచిన అక్కడనే నిదురపోవును, గుఱక పెట్టును. పాఠకులు నూఱేండ్లకు పైగ నవ్వుకొనిరి. 1956లో అమెరికా వైద్యులు కొందఱు స్థూలకాయముతో, మందగించిన శ్వాసతో కూడిన ఒక స్థితికి పిక్‌విక్ పేరే పెట్టిరి. 1965లో ఫ్రాన్సునందును జర్మనీయందును పరిశోధకులు నిద్రించువారి శ్వాసను యంత్రములతో గుర్తించి, అది మాటిమాటికి ఆగిపోవుటను కనుగొనిరి. 1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టియన్ గిల్లెమినో ఈ వ్యాధికి నేటి పేరును స్థిరపఱచెను. రోగము తెలిసినది గాని చికిత్స యొక్కటే: మెడకు ముందు భాగమున రంధ్రము చేసి గొట్టము పెట్టుట. ఊపిరి దక్కును, దానికి చెల్లింపవలసిన మూల్యము అది.

అప్పుడు సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు వేఱొక త్రోవ నాలోచించెను. గొంతు మూసికొనునది మెత్తని గొట్టమువలె నున్నది గనుక, ముక్కుద్వారా కొంచెము ఒత్తిడితో గాలి పంపుచుండినచో ఆ గాలియే గోడలను ఎడముగ నిలుపును గదా యని అతని ఊహ. 1980లో, మెడకు రంధ్రము తప్పదని నిర్ణయమైన ఒక రోగి ఈ ప్రయోగమునకు సమ్మతించెను. ఇల్లు ఊడ్చు వాక్యూం క్లీనరు మోటారును, గాలిని పీల్చుటకు మారుగా వదలునట్లు అమర్చి, గొట్టముతో ముక్కునకు తగిలించిరి. గొంతు మూసికొనుట ఆగెను. రోగి గాఢముగ నిద్రించెను. అయిదుగురు రోగుల ఫలితములను 1981లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. మందులేదు, కోతలేదు, కేవలము గాలి. సీపాప్ అను యంత్రము పుట్టినది ఇట్లు.

నేడు ఆ యంత్రము ఒక చిన్న డబ్బా ప్రమాణమున మంచము ప్రక్కన ఇముడును. నీటిమట్టపు కొలతలో 4 మొదలు 20 సెంటీమీటర్ల ఒత్తిడి నిచ్చును. పది సెంటీమీటర్లనగా మనచుట్టునున్న వాయుమండలపు ఒత్తిడిలో నూఱవవంతు మాత్రమే. అంత స్వల్పమైన బలము ప్రాణమును నిలబెట్టును. ఒకే ఒత్తిడి నిచ్చునవి కొన్ని, అవసరమును బట్టి తామే మార్చుకొనునవి కొన్ని. లోనికి పీల్చునపుడు హెచ్చుగను వదలునపుడు తక్కువగను ఇచ్చు బైపాప్ యంత్రములు వేఱు. ఎవరికేది తగునో నిద్రా పరీక్ష చేసిన వైద్యుడు నిర్ణయింపవలెను. పొరుగువానికి పనిచేసినదని అట్టిదే కొని తెచ్చుకొనుట తగదు. గొంతు మూసికొనుటచే గాక, మెదడు ఆజ్ఞ ఇయ్యకపోవుటచే ఊపిరి ఆగు రకము వేఱొకటి కలదు. దానికి చికిత్సయు వేఱు.

యంత్రము కొనుట సులభము; దానితో కాపురము చేయుటయే కష్టము. మొదటి వారము ముఖమునకు కట్టిన మాస్కు ఉక్కిరిబిక్కిరి చేయును. పసిపిల్లలు చూచి భయపడుదురు. నూతన దంపతులైనచో సిగ్గు. వృద్ధులైనచో "ఈ వయస్సున ఈ గొట్టములేల" అన్న విసుగు. చాలమంది మొదటి నెలలోనే పెట్టెలో పెట్టి అటకనెక్కింతురు. నిలదొక్కుకొన్నవారి అనుభవము ఇది: పగలు టెలివిజను చూచుచు అరగంట చొప్పున మాస్కు ధరించి అలవాటు చేసికొనవలెను. ముక్కు ఎండినచో నీటితేమ నిచ్చు భాగమును వాడవలెను; అందు డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ప్రతిదినము పాతనీరు పారబోయవలెను. మాస్కును దినమునకొకమారు సబ్బునీట కడిగి నీడను ఆరవేయవలెను. విద్యుత్తు పోవు ఊళ్లలో ఇన్వర్టరు, ప్రయాణములో బ్యాటరీ సిద్ధముగ నుండవలెను. పెండ్లికి ఊరికి పోయినపుడు పదిమంది బంధువులు పడుకొను హాలులో దానిని తగిలించుకొనుటకు కొంత ధైర్యము కావలెను. కన్నులకు అద్దాలు పెట్టుకొనుటకు సిగ్గుపడని మనము ఊపిరికి యంత్రము పెట్టుకొనుటకు సిగ్గుపడుట ఏల?

యంత్రము తలనొప్పిని పోగొట్టవలసినది. ఒక్కొక్కపుడు తానే తెచ్చును. పట్టీలు బిగువుగ కట్టినచో నుదురు, కణతలు నొక్కుకొని నొప్పి పుట్టును. జలుబుతో ముక్కు దిబ్బడవేసినపుడు గాలియొత్తిడి కనుబొమల నడుమ బాధించును. మాస్కు అంచున గాలి కారి కన్నులకు తగిలినచో కన్నులు ఎఱ్ఱబడును. ఒత్తిడి హెచ్చైనచో గాలిని మ్రింగి కడుపుబ్బును. రాత్రి పండ్లు కొఱుకువారికి దౌడనుండి నొప్పి తలకెక్కును. వీనిలో ప్రతిదానికి పరిష్కారము కలదు: పట్టీ వదులుచేయుట, మాస్కు కొలత మార్చుట, జలుబునకు మందు వాడుట, ఒత్తిడిని వైద్యునిచే సరిచేయించుట. అన్నియు సరిగనుండియు ఉదయపు తలనొప్పి పోకున్నచో యంత్రము చాలునంత పనిచేయుటలేదని గాని, రక్తపుపోటు వంటి వేఱుకారణ మున్నదని గాని గ్రహించి వైద్యునికి తెలుపవలెను. కోపించి యంత్రమును మానుట పరిష్కారము కాదు.

దీని వలన ఏ మేరకు లాభమో నిజము చెప్పుకొనుట మంచిది. హృద్రోగము, పక్షవాతము ఇదివఱకే ఉన్న 2,717 మందిపై జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2016లో వెలువడినవి. సీపాప్ వలన వారికి తరువాతి గుండెపోటులు తగ్గినట్లు అందు ఋజువు కాలేదు. కాని గుఱక, పగటినిద్ర తగ్గినవి, మనస్సు తేటపడినది. వారు రాత్రికి సగటున వాడినది మూడు గంటల ఇరువది నిమిషములకు లోపే. సగము రాత్రి మాత్రమే వేసికొన్న గొళ్లెము దొంగను ఎంతవఱకు ఆపునో అంతే. బరువు తగ్గుట, మద్యము, నిద్రమాత్రలు మానుట, వెల్లకిల గాక ప్రక్కకు తిరిగి పడుకొనుట ఎల్లరకును మేలు చేయును. వ్యాధి మఱీ తీవ్రము కానివారికి క్రిందిదౌడను ముందుకు నిలుపు పండ్ల సాధనము కలదు. 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్థూలకాయులైన రోగులకు తిర్జెపటైడ్ అను సూదిమందును ఈ వ్యాధికై అనుమతించినది.

ఈ వ్యాధి అన్యదేశములదని తలపరాదు. 2004లో ప్రకటింపబడిన బొంబాయి పరిశోధనలో నగరవాసులైన నడివయస్సు పురుషులలో నూటికి ఏడుగురికి పైగ పగటినిద్రతో కూడిన ఈ వ్యాధి కలవారని తేలినది. సన్నని దౌడ గలవారికి బరువు అధికము కాకున్నను రావచ్చును. 2022 ఫిబ్రవరి 15వ తేదీన సంగీత దర్శకుడు బప్పీ లాహిరి ముంబయిలో మరణించినపుడు ఆసుపత్రివారు చెప్పిన కారణము ఇదియే. సింహాసనము, గ్యాంగ్ లీడర్ చిత్రముల పాటలకు చిందులువేసిన తెలుగువారిలో చాలమంది అప్పుడే ఈ పేరు మొదటిసారి వినిరి.

కేంద్రోద్యోగులకు ఒక సౌకర్యము కలదు. నిద్రా పరీక్ష నివేదిక, నిపుణుని సిఫారసు, ముందస్తు అనుమతి ఉన్నచో నిర్ణీత పరిమితికి లోబడి ఈ యంత్రమునకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఖర్చు తిరిగి పొందవచ్చును. కాగితములు సేకరించుటలో మనకు మనమే సాటి. ఈ ఒక్క ఫైలును పెండింగులో ఉంచకుందుము గాక.

తుదకు చెప్పవలసినది రెండు మాటలు. గుఱక పెట్టువారిని నవ్వుటకు ముందు ఒక రాత్రి, ఒక గంటసేపు, ఆ ఊపిరిని వినుడు. అది ఆగి ఆగి వచ్చుచున్నచో తెల్లవారిన పిదప మెల్లగ, పరిహాసము లేక తెలియజెప్పుడు. అట్లు చెప్పినవారు ఇల్లాలైనను, తల్లియైనను, గదిలోని మిత్రుడైనను, వారి మాటను తప్పుపట్టక వైద్యునియొద్దకు పొండు. కార్యాలయములో కునుకువానిని మందలించు అధికారి, ఆ మందలింపుతోబాటు "రాత్రి నిద్ర యెట్లున్నది?" అను ఒక్క ప్రశ్నను చేర్చినచో, ఒక నివేదిక చెడిపోకుండును, ఒక సంసారము నిలుచును. ఊర్మిళవలె నిద్రించు భాగ్యము, రాత్రులు మేలుకొని ఊపిరులు లెక్కించిన ఆ ఇల్లాండ్రకును కలుగుగాక!